ఒకే పేరు, పలు రూపాలు: పాపిలరీ థైరాయిడ్ కాన్సర్

సౌదీ అరేబియాలో కాన్సర్ రోగుల వివరాలను నమోదు చేయడానికి ఆ దేశ ఆరోగ్య మంత్రిత్వశాఖ 1992లో సౌదీ కాన్సర్ రిజిస్ట్రీని నెలకొల్పింది. 1994 నుంచి దేశమంతటా కేసుల నమోదు ప్రారంభమైనది. స్వదేశీయులతో పాటు అక్కడ నివసించే విదేశీయుల వివరాలు కూడా ఇందులో చేరుతాయి. ఈ రిజిస్ట్రీ వెలువరించిన నివేదికలలో ఒక విశేషం పదేపదే కనిపిస్తుంది. సౌదీ స్త్రీలకు సోకే కాన్సర్లలో రొమ్ము కాన్సర్‌ది మొదటి స్థానం కాగా, పెక్కు సంవత్సరాలలో రెండవ స్థానం థైరాయిడ్ కాన్సర్‌దే. పురుషులలో ఇది చాలా తక్కువ.

థైరాయిడ్ కాన్సర్లలో నూటికి సుమారు ఎనభై పాపిలరీ కార్సినోమా అనే రకానికి చెందినవి. రియాద్‌లోగాని, జెడ్డాలోగాని, దమ్మాంలోగాని ఉద్యోగరీత్యా నివసిస్తున్న ఒక తెలుగు కుటుంబానికి ఆసుపత్రి నుంచి ఈ మూడు మాటల నివేదిక అందినప్పుడు, ఆ ఇంట కలిగే భయాన్ని వర్ణించనవసరం లేదు. కాన్సర్ అన్న ఒక్క మాట తక్కిన అక్షరాలన్నిటినీ కప్పివేస్తుంది. అయితే వైద్యశాస్త్రం దృష్టిలో ఆ మొదటి పంక్తి కేవలం ఇంటిపేరు వంటిది. ఆ ఇంటిపేరు గలవారిలో నిరపాయకరమైన వారూ ఉన్నారు, మిక్కిలి ప్రమాదకరమైన వారూ ఉన్నారు. వారిలో ఎవరు ఎవరో తేల్చేది సూక్ష్మదర్శిని. నివేదికలోని రెండవ పంక్తి, మూడవ పంక్తి చదివిన తరువాతనే చికిత్స ఎంత చేయాలో నిర్ణయించడం సాధ్యమవుతుంది.

గ్రంథి నిర్మాణం

థైరాయిడ్‌ను తెలుగులో అవటు గ్రంథి అంటారు. కంఠమణికి దిగువన, వాయునాళాన్ని ముందువైపు నుంచి ఆనుకొని, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో ఇది ఉంటుంది. పెద్దవారిలో దీని బరువు సుమారు 20 గ్రాములు. ఆహారం ద్వారా లభించే అయొడిన్‌ను గ్రహించి, శరీరంలోని జీవక్రియల వేగాన్ని నియంత్రించే హార్మోనును తయారుచేయడం దీని పని.

ఈ గ్రంథి నుంచి పలుచని పొరను కోసి సూక్ష్మదర్శిని క్రింద చూస్తే, దగ్గర దగ్గరగా పేర్చిన చిన్న చిన్న గుండ్రని అరలు కనిపిస్తాయి. వీటిని పుటికలు అంటారు. ప్రతి పుటిక గోడ ఒకే వరుస కణాలతో ఏర్పడినది. లోపల కొల్లాయిడ్ అనే చిక్కని జిగురు పదార్థం నిండి ఉంటుంది. ఆరోగ్యవంతమైన కణాలలో కేంద్రకం చిన్నదిగా, గుండ్రంగా, ముదురు వర్ణంతో, తన చోటు విడువకుండా ఉంటుంది. ఈ క్రమశిక్షణ ఎక్కడ చెడినదో కనిపెట్టడమే పాథాలజిస్టు పని.

సూదితో పరీక్ష

పాపిలరీ కాన్సర్ సాధారణంగా నొప్పి లేని గడ్డగా మొదలవుతుంది. మింగినప్పుడు గడ్డ పైకి క్రిందికి కదలడం థైరాయిడ్ గడ్డ లక్షణం. కొందరిలో మెడ ప్రక్కన ఉబ్బిన శోషరస గ్రంథియే మొదటి సూచన. అయితే మెడలో కనిపించే థైరాయిడ్ గడ్డలలో పదింట తొమ్మిది కాన్సర్‌కు సంబంధించనివే. కనుక గడ్డ కనబడగానే కత్తి పట్టడం సరికాదు.

ఈ జాగ్రత్త నేటిది కాదు. క్రీస్తుశకం 1000 ప్రాంతంలో, నేటి స్పెయిన్‌లోని కొర్డోబా సమీపాన జీవించిన శస్త్రవైద్యుడు అబుల్ కాసిమ్ అల్ జహ్రావీ అరబ్బీ భాషలో ముప్పై భాగాలుగా రచించిన అల్ తస్రీఫ్ అనే వైద్య గ్రంథంలో గొంతు వాపులను ప్రస్తావించాడు. వాటిలో కోయదగినవి, కోయరానివి వేరువేరుగా ఉన్నాయనీ, ముందుగా శలాకతో పరీక్షించి గడ్డ స్వభావం తెలుసుకోవాలనీ ఆయన హెచ్చరించాడు. ముందు పరీక్ష, తరువాత శస్త్రం అన్న ఆ సూత్రమే నేటికీ పాటింపబడుతున్నది.

నేడు మొదట రక్తంలో టి.ఎస్.హెచ్. పరీక్ష, తరువాత అల్ట్రాసౌండ్ చేస్తారు. చుట్టూ ఉన్న కణజాలం కన్న నల్లగా కనిపించే గడ్డ, వెడల్పు కన్న నిలువు ఎక్కువ ఉన్న గడ్డ, అంచులు సరిగా లేని గడ్డ, లోపల ఇసుక రేణువుల వంటి సున్నపు చుక్కలు గల గడ్డ అనుమానింపదగినవి. అటువంటి గడ్డలోనికి ఇంజెక్షను సూది కన్న సన్నని సూదిని పంపి కొన్ని కణాలను బయటకు తీస్తారు. దీనినే ఫైన్ నీడిల్ యాస్పిరేషన్ అంటారు. గడ్డల నుంచి సూదితో కణాలను తీసి పరీక్షించే పద్ధతిని 1930లో న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు మార్టిన్, ఎల్లిస్ ప్రకటించారు. థైరాయిడ్ విషయంలో దీనిని 1950 దశకం నుంచి స్వీడన్ వైద్యులు విస్తృతంగా అభివృద్ధి చేశారు.

సూది పరీక్ష ఫలితాన్ని ఒక్కొక్క వైద్యుడు ఒక్కొక్క మాటలో వ్రాయడం వలన కలిగే గందరగోళాన్ని తొలగించడానికి 2007లో అమెరికాలోని బెథెస్డాలో నిపుణులు సమావేశమై ఒక పద్ధతిని రూపొందించారు. ఇందులో ఆరు తరగతులు. మొదటి తరగతి అంటే కణాలు చాలినన్ని రాలేదని అర్థం. కనీసం పదేసి కణాలున్న ఆరు గుంపులైనా ఉంటేనే స్లైడు పరీక్షకు పనికివస్తుంది. రెండవది నిరపాయకరం. మూడవది అనిశ్చితం. నాలుగవది పుటికల గడ్డ. ఐదవది కాన్సర్ అనుమానం. ఆరవది కాన్సర్. 2023లో వెలువడిన మూడవ ముద్రణ ప్రకారం కాన్సర్ అయ్యే సంభావ్యత రెండవ తరగతిలో సగటున 4 శాతం, మూడవ తరగతిలో 22, నాలుగవ తరగతిలో 30, ఐదవ తరగతిలో 74, ఆరవ తరగతిలో 97 శాతం. అనగా మూడవ, నాలుగవ తరగతుల నివేదిక వచ్చిన వారిలో అత్యధికులకు కాన్సర్ లేదన్నమాట.

సూది పరీక్షకు ఒక పరిమితి ఉన్నది. సూది కణాలను తేగలదు గాని, గడ్డ చుట్టూ ఉన్న పీచు తొడుగును తేలేదు. ఆ తొడుగును కణాలు ఛేదించాయా లేదా అన్నది గడ్డను పూర్తిగా తీసి, చుట్టూ ఉన్న అంచునంతా పరీక్షించిన తరువాతనే తెలుస్తుంది. నాలుగవ తరగతి వారికి తరచుగా శస్త్రచికిత్స సూచించడానికి కారణం ఇదే.

కేంద్రకమే సాక్షి

శస్త్రచికిత్సలో తీసిన గ్రంథిని ఫార్మలిన్‌లో నానబెట్టి, ముక్కలుగా కోసి, పారఫిన్ మైనంలో పోతపోస్తారు. ఈ మైనపు దిమ్మకే బ్లాకు అని పేరు. దాని నుంచి 4 లేక 5 మైక్రాన్ల మందం గల పొరలను తీస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఆ పొరను గాజు పలక మీద పరచి, కేంద్రకానికి నీలి వర్ణం, తక్కిన భాగానికి గులాబి వర్ణం వచ్చేటట్లు రంగులు అద్దుతారు.

పాపిల్లా అనే లాటిన్ మాటకు చనుమొన అని అర్థం. ఈ కాన్సర్‌లో కణాలు గుండ్రని పుటికలను విడిచి, నడుమ సన్నని రక్తనాళం గల వేళ్ల వంటి మొలకలుగా పెరగడం వలన ఈ పేరు వచ్చినది. ఆ మొలకల మధ్య పొరలు పొరలుగా పేరుకొన్న సున్నపు రేణువులను సమోమా బాడీలు అంటారు. గ్రీకు భాషలో సమోస్ అంటే ఇసుక.

ఆశ్చర్యకరమైన విషయమేమంటే, పాపిలరీ కాన్సర్ అని నిర్ధారించడానికి ఈ మొలకలు ఉండితీరవలసిన అవసరం లేదు. నిరపాయకరమైన గాయిటర్‌లో కూడా మొలకలు కనిపించవచ్చు. అసలు సాక్ష్యం కేంద్రకంలో ఉంటుంది. కేంద్రకాలు పెద్దవై, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. వాటి మధ్య భాగం గరుకు అద్దంలా తేలిపోయి కనిపిస్తుంది. 1924లో అమెరికాలో మొదలైన ఒక బొమ్మల కథలోని అనాథ బాలిక ఆనీకి చిత్రకారుడు కనుపాపలు గీయకుండా ఖాళీ కళ్లు పెట్టినందున, ఈ కేంద్రకాలకు ఆర్ఫన్ ఆనీ కళ్లు అన్న పేరు స్థిరపడినది. కొన్ని కేంద్రకాలలో ఖర్జూరపు గింజ మీది గాడి వంటి నిలువు గాడి ఉంటుంది. కొన్నిటిలో కేంద్రకపు పొర లోనికి ముడుచుకొని, కణ ద్రవ్యాన్ని ఒక గుండ్రని బుడగలా లోపల బంధిస్తుంది. ఏ ఒక్క లక్షణమో కాక, ఈ లక్షణాల సమూహమే నిర్ధారణకు ఆధారం.

కేంద్రకమే ప్రమాణమని తెలిసిన తరువాత ఈ కాన్సర్ హద్దులు విస్తరించాయి. మొలకలు లేకుండా పుటికలే ఉండి, కేంద్రకాలు మాత్రం పాపిలరీ లక్షణాలు చూపే గడ్డలను 1960లో స్టూవర్ట్ లిండ్సే వర్ణించాడు. 1977లో చెన్, రోజాయ్ అనే పాథాలజిస్టులు దానిని ఫాలిక్యులర్ వేరియంట్ అన్న రూపంగా స్థిరపరచారు.

రూపభేదాలు

సంప్రదాయ రూపం అందరికన్న ఎక్కువగా కనిపించేది. మొలకలు, పుటికలు రెండూ ఉంటాయి. మెడలోని శోషరస గ్రంథులకు ప్రాకే అలవాటు ఉన్నా, తగిన చికిత్స పొందిన వారిలో నూటికి తొంభైమందికి పైగా పది సంవత్సరాల తరువాత కూడా జీవించి ఉంటారు.

పుటికల రూపం ఒక్కటి కాదు. తొడుగు లేకుండా చుట్టుప్రక్కలకు చొచ్చుకొనిపోయేది సంప్రదాయ రూపం వలె ప్రవర్తిస్తుంది. తొడుగు ఉన్నా దానిని ఛేదించినది వేరొక రకం. తొడుగు ఏ మాత్రం చెదరనిది మూడవ రకం. దీని కథ క్రింద వేరుగా చెప్పబడుతుంది.

పొడవు కణాల రూపాన్ని 1976లో హాక్, హజార్డ్ గుర్తించారు. ఇందులో కణం నిడివి వెడల్పుకు కనీసం మూడు రెట్లు ఉంటుంది. గడ్డలో కనీసం 30 శాతం అటువంటి కణాలుంటే ఈ పేరు పెట్టాలని 2022 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ చెబుతున్నది. వయసు మళ్లినవారిలో ఎక్కువగా కనిపించి, గ్రంథి వెలుపలికి వ్యాపించే స్వభావం గలది. స్తంభ కణాల రూపంలో కేంద్రకాలు అంతస్తులుగా పేర్చినట్లుంటాయి. హాబ్‌నెయిల్ రూపంలో, బూటు అడుగున కొట్టే గుండ్రని మేకుల తలల వలె కేంద్రకాలు కణం పై అంచుకు పొడుచుకొని వస్తాయి. 2010లో ప్రత్యేకంగా వర్ణింపబడిన ఈ రూపం అరుదైనదే గాని తీవ్రమైనది. ఈ మూడు పేర్లలో ఏది నివేదికలో కనబడినా వైద్యులు చికిత్సలోను, తరువాతి పరీక్షలలోను ఎక్కువ జాగ్రత్త వహిస్తారు.

విస్తృత పీచు రూపం యౌవనంలో ఉన్నవారికి, ముఖ్యంగా యువతులకు వస్తుంది. ప్రత్యేకమైన గడ్డ ఏర్పడకుండా గ్రంథి అంతా గట్టిపడడం వలన హాషిమోటో థైరాయిడైటిస్ అని పొరబడే అవకాశం ఉన్నది. శోషరస గ్రంథులకు వ్యాపించడం ఇందులో సర్వసాధారణం. ఘన రూపంలో మొలకలు గాని పుటికలు గాని లేక కణాలు ముద్దలుగా ఉంటాయి. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం తరువాత బెలారస్, ఉక్రెయిన్ పిల్లలలో ఈ రూపం విశేషంగా కనిపించినది. వార్తిన్ వంటి రూపం హాషిమోటో వ్యాధి ఉన్నవారిలో వచ్చి, సాధారణంగా మంచి ఫలితాన్నిస్తుంది.

ఇంతకాలం ఇవి వేరియంట్లు అని పిలువబడేవి. జన్యు మార్పులకు కూడా ఆ మాట వాడుకలో ఉన్నందున, 2022 వర్గీకరణ వీటిని సబ్‌టైపులు అని మార్చినది. ఒక సెంటీమీటరు లోపు గడ్డలను మైక్రోకార్సినోమా అని ప్రత్యేక రకంగా చూపే పద్ధతిని కూడా తొలగించి, గడ్డ ఎంత చిన్నదైనా దాని రూపాన్ని పేర్కొనాలని సూచించినది. కణ విభజనలు 2 చదరపు మిల్లీమీటర్లలో 5 గాని అంతకు మించి గాని ఉన్నా, గడ్డలో కణాలు చచ్చిపడిన భాగాలున్నా దానిని హై గ్రేడ్ అని హెచ్చరించాలన్నది మరొక నియమం.

కాన్సర్ అన్న పేరు తొలగిన గడ్డ

తొడుగు చెదరని పుటికల రూపాన్ని చాలాకాలం కాన్సర్‌గానే భావించి, గ్రంథినంతా తొలగించి, రేడియో అయొడిన్ కూడా ఇచ్చేవారు. ఇది న్యాయమా అన్న సందేహంతో యూరీ నికిఫొరొవ్ నాయకత్వాన ఏడు దేశాలకు చెందిన 24 మంది పాథాలజిస్టులు పాత స్లైడులను తిరిగి పరిశీలించారు. తొడుగు చెదరని గడ్డలు గల 109 మంది రోగులను 10 నుంచి 26 సంవత్సరాల వరకు గమనించగా, వారిలో ఒక్కరికైనా వ్యాధి తిరగబెట్టలేదు, ఒక్కరైనా ఆ వ్యాధితో మరణించలేదు. తొడుగును ఛేదించిన గడ్డలున్న 101 మందిలో మాత్రం 12 శాతం మందికి ప్రతికూల పరిణామాలు కలిగాయి.

ఈ ఫలితాలు 2016లో ప్రచురింపబడ్డాయి. ఆ గడ్డ పేరులో నుంచి కార్సినోమా అన్న మాటను తొలగించి నిఫ్ట్‌పి అన్న పొడి అక్షరాల పేరు పెట్టారు. ప్రపంచం మొత్తం మీద ఏటా 45,000 మందికి పైగా ఈ మార్పు వలన ప్రయోజనం కలుగుతుందని వారి అంచనా. అయితే ఈ పేరు పెట్టాలంటే తొడుగు అంచునంతా పరీక్షించవలసి ఉంటుంది. ఒక మూల ముక్కను మాత్రమే చూసి తీర్పు చెప్పరాదు. అదే స్లైడును చూసిన ఇద్దరు నిపుణులు కేంద్రక లక్షణాల విషయంలో భేదించడం కూడా వైద్యశాస్త్రం అంగీకరించిన వాస్తవమే.

జన్యువుల సాక్ష్యం

2003 నుంచి సూక్ష్మదర్శినికి జన్యు పరీక్ష తోడైనది. పాపిలరీ కాన్సర్లలో సుమారు సగానికి పైగా బి-రాఫ్ అనే జన్యువులో ఒకే చోట మార్పు ఉంటుంది. సంప్రదాయ రూపంలోను, పొడవు కణాల రూపంలోను ఇది ఎక్కువ. పుటికల రూపంలో రాస్ అనే జన్యువుల మార్పు ఎక్కువ. 2014లో అమెరికాలో 496 గడ్డలను విశ్లేషించిన ఒక బృహత్ పరిశోధన ఈ రెండు వర్గాల భేదాన్ని స్పష్టపరచినది. కంటికి కనిపించే రూపభేదానికి జన్యువులలో ఆధారం ఉన్నదని దీనివలన తేలినది.

ఈ రంగంలో రియాద్‌లోని కింగ్ ఫైసల్ స్పెషలిస్ట్ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం చెప్పుకోదగిన కృషి చేసినది. అక్కడ ఖౌలా అల్ కురయా బృందం సౌదీ రోగుల గడ్డలలో జన్యు మార్పులను పరిశీలించినది. టెర్ట్ అనే జన్యువులో వచ్చే మార్పులను మధ్యప్రాచ్య రోగులలో పరిశీలించిన అలీ అల్ జహ్రానీ బృందం ఫలితాలు 2015లో వెలువడ్డాయి. బి-రాఫ్, టెర్ట్ మార్పులు రెండూ ఒకే గడ్డలో ఉంటే వ్యాధి తీవ్రంగా ఉండే అవకాశం హెచ్చు.

చికిత్స ఎంత వరకు?

రూపంతో పాటు గడ్డ పరిమాణం, గ్రంథి వెలుపలి కండరాలకు వ్యాప్తి, రక్తనాళాలలోనికి చొరబాటు, శోషరస గ్రంథుల సంఖ్య, రోగి వయస్సు కూడా లెక్కకు వస్తాయి. 2018 నుంచి అమలులోనికి వచ్చిన దశల నిర్ణయ పద్ధతిలో వయస్సు హద్దు 45 నుంచి 55 సంవత్సరాలకు పెరిగినది.

తక్కువ చికిత్స వలన ఎంత నష్టమో, అవసరానికి మించిన చికిత్స వలన కూడా అంత నష్టం ఉన్నది. గ్రంథిని పూర్తిగా తీసివేస్తే జీవితాంతం హార్మోను మాత్ర వేసుకోవాలి. స్వరనాడి దెబ్బతిని గొంతు మారవచ్చు. ప్రక్కనున్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే రక్తంలో కాల్షియం తగ్గిపోవచ్చు. దక్షిణ కొరియాలో అల్ట్రాసౌండ్ పరీక్షలు విరివిగా జరగడం వలన 2011 నాటికి థైరాయిడ్ కాన్సర్ నిర్ధారణలు 1993 కన్న 15 రెట్లు పెరిగాయి. మరణాల సంఖ్యలో మాత్రం మార్పు లేదు. అనగా ఎన్నడూ బాధించని చిన్న గడ్డలను వెదకి వెదకి కోశారన్నమాట.

దీనికి భిన్నంగా జపాన్‌లోని కోబె నగరంలో కుమా ఆసుపత్రి వైద్యులు 1993 నుంచి ఒక సెంటీమీటరు లోపు, ప్రమాద లక్షణాలు లేని గడ్డలను కోయకుండా గమనిస్తూ వచ్చారు. 2014లో ప్రకటించిన 1,235 మంది వివరాల ప్రకారం, పది సంవత్సరాలలో 8 శాతం మందిలో గడ్డ 3 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని పెరిగినది. 3.8 శాతం మందిలో శోషరస గ్రంథులకు వ్యాపించినది. అటువంటివారికి అప్పుడు శస్త్రచికిత్స చేసినా ఫలితం చెడలేదు. నాలుగు సెంటీమీటర్ల లోపు, ప్రమాద లక్షణాలు లేని గడ్డలకు గ్రంథిలో సగభాగం తీస్తే చాలవచ్చునని 2015 నాటి అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ సూచనలు కూడా అంగీకరించాయి. రెండవ వైపున, పొడవు కణాల రూపం గాని హాబ్‌నెయిల్ రూపం గాని అయినప్పుడు ఇటువంటి నిదానం పనికిరాదు.

ప్రవాసులు గుర్తుంచుకోవలసినవి

ఒప్పందం మీద పనిచేసే ప్రవాసికి శస్త్రచికిత్స ఒక దేశంలో, తరువాతి చికిత్స మరొక దేశంలో జరగడం సాధారణం. రియాద్‌లో గ్రంథి తీయించుకొని, హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో రేడియో అయొడిన్ తీసుకొనే రోగిని చూసే కొత్త వైద్యునికి ఆ గ్రంథి మళ్లీ కనబడదు. మిగిలేది నివేదిక, స్లైడులు, మైనపు బ్లాకు మాత్రమే. డిశ్చార్జి కాగితంలో కాన్సర్ పేరు ఒక్కటే ఉంటే సరిపోదు.

పూర్తి పాథాలజీ నివేదికలో గడ్డ పరిమాణం, రూపం పేరు, తొడుగు పరిస్థితి, రక్తనాళాలలో చొరబాటు, కోసిన అంచులు, పరీక్షించిన శోషరస గ్రంథులు ఎన్ని, వాటిలో వ్యాధి ఉన్నవి ఎన్ని అన్న వివరాలు ఉండాలి. ఇవి ఉన్నవో లేవో రోగి బంధువులు స్వయంగా చూసుకొనవచ్చు. దేశం విడిచే ముందు నివేదిక ప్రతిని, బ్లాకును లేదా దాని నుంచి తీసిన అదనపు స్లైడులను వ్రాతపూర్వకంగా అడిగి తీసుకొనడం మంచిది. మైనంలో ఉన్న కణజాలం సంవత్సరాల తరబడి చెడదు. రెండవ నిపుణుని అభిప్రాయానికి గాని, జన్యు పరీక్షకు గాని అదే ఆధారం. రెండవ అభిప్రాయం కోరడం మొదటి వైద్యుని శంకించడం కాదు. పైన చెప్పిన పేరు మార్పు కూడా పాత స్లైడులను మళ్లీ చూడడం వలననే సాధ్యమైనది.

ఒకే ఇంటిపేరు గల రెండు గడ్డలలో ఒకటి చిన్న శస్త్రచికిత్సతో ముగిసిపోవచ్చు, మరొకటి సంవత్సరాల జాగ్రత్త కోరవచ్చు. భయపడవలసినది ఎంత, నిశ్చింతగా ఉండవలసినది ఎంత అన్న ప్రశ్నకు సమాధానం ఆ నివేదికలోనే ఉన్నది. మొదటి పంక్తి దగ్గర ఆగిపోక, చివరి పంక్తి వరకు వైద్యునితో కూర్చుని చదివించుకొన్న కుటుంబానికి అది దొరుకుతుంది.